సొంత వాక్యం

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేశారు. "పదేళ్ల నుంచి ఆస్ట్రేలియాలో ఉంటున్నావు కదా, ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పు. ముఖ్యంగా ఆ ఇడియమ్స్ సంగతి చెప్పు. బయటికి వెళ్లే ప్రతివాళ్లూ అదే అడుగుతున్నారు" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. ఎందుకంటే ఆ పరీక్షలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. దెబ్బతిన్నది ఇడియమ్స్ రాక కాదు, మోతాదు మించి రావడం వల్ల. ఇవాళ ఆ కథే చెబుతాను. సిగ్గుపడాల్సిన భాగం కూడా దాచకుండా చెబుతాను. మన బడిలో మనవాళ్ల ముందు దాచుకునేదేముంది?

కథ మొదలైంది హైదరాబాద్‌లోనో ఆస్ట్రేలియాలోనో కాదు. అదిగో, ఆ వేపచెట్టు పక్కనున్న తొమ్మిదో తరగతి గదిలో.

మా రోజుల్లో తెలుగు పరీక్షలో ఒక ప్రశ్న తప్పనిసరిగా ఉండేది. "ఈ క్రింది జాతీయములను సొంత వాక్యములలో ప్రయోగింపుము." నా ఈడు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. దానికి మా బ్యాచి ఒక ఉపాయం కనిపెట్టింది. ఏ జాతీయం ఇచ్చినా ఒకటే వాక్యం. "మా తెలుగు వాచకంలో నీళ్లు నమలడం అనే జాతీయం ఉంది." "పప్పులో కాలేయడం అనే మాట మా తాతయ్య తరచు అంటుంటాడు." అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, తప్పు పట్టడానికి వీల్లేదు. అలా అనుకున్నాం.

అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు మన తెలుగు మాస్టారు నన్ను లేపి నిలబెట్టారు. ఐదు వాక్యాలకూ సున్నా. "ఒరేయ్, ఈ వాక్యంలో నీళ్లు నమలడం తీసేసి కాకరకాయ పెట్టినా సరిపోతుంది. ఏది పెట్టినా సరిపోయే వాక్యం నీ వాక్యం ఎలా అవుతుందిరా? నీళ్లు నమలడం ఎవరు చేస్తారు? ఎప్పుడు చేస్తారు? చెప్పు" అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. నోరు పెగల్లేదు. "చెప్పవేంరా?" అని గద్దించారు. "ఇప్పుడు నేనే నములుతున్నాను మాస్టారూ" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఎర్రసిరా పెన్ను తీసి ఆ సున్నా కొట్టేసి, ఒక మార్కు వేశారు. "ఇదీ సొంత వాక్యమంటే" అన్నారు.

ఆ ఒక్క మార్కుకి నేను పొంగిపోయాను. అందులోని పాఠాన్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాను. ముప్ఫై ఏళ్ల తర్వాత దానికి వడ్డీతో సహా కట్టాల్సి వచ్చింది.

ఇక ఇంగ్లీషు సంగతి. మా బ్యాచికి ఆరో తరగతిలో ఏబీసీడీలు మొదలయ్యాయి. పదో తరగతికి వచ్చేసరికి వ్యాసాలు, ఉత్తరాలు కంఠతా వచ్చేవి. కుదురుగా మాట్లాడమంటే రెండు వాక్యాలు వచ్చేవి కావు. 1985లో పదో తరగతి గట్టెక్కి, ఇంటర్ తర్వాత సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాను. అక్కడ పుస్తకాల ఇంగ్లీషు నెమ్మదిగా పట్టుబడింది. ఉద్యోగంలో రిపోర్టులు రాయడం, డ్రాయింగులు చదవడం, మీటింగుల్లో అంకెలు చెప్పడం అన్నీ వచ్చాయి. నాకు ఇంగ్లీషు వచ్చునని నేనే నమ్మాను.

2013లో మేము ఆస్ట్రేలియా వెళ్లాలని నిర్ణయించుకున్నాం. అప్పటికి నాకు 43 ఏళ్లు. ఆ దేశం వాళ్లకు ఒక లెక్క ఉంది, పాయింట్ల లెక్క. ఆ రోజుల్లో 60 పాయింట్లు వస్తేనే దరఖాస్తుకు పిలుపు. 40 నుంచి 44 ఏళ్ల లోపు వయసుకి 15, డిగ్రీకి 15, ఎనిమిదేళ్లకు పైబడిన అనుభవానికి 15. మొత్తం 45. అక్కడి ఒక రాష్ట్రం మనల్ని నామినేట్ చేస్తే ఇంకో 5. అక్కడితో 50. మిగిలిన 10 ఇంగ్లీషు నుంచే రావాలి. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, నాలుగింటిలోనూ విడివిడిగా 7 బ్యాండ్ వస్తేనే ఆ 10 పాయింట్లు ఇస్తారు. మూడింటిలో 8 వచ్చి ఒకదాంట్లో ఆరున్నర వచ్చినా సున్నాయే. పైగా 45 ఏళ్లు నిండిన రోజున వయసు తాలూకు 15 పాయింట్లు ఎగిరిపోతాయి. అంటే నా చేతిలో ఉన్నది రెండేళ్లు. మా ఆవిడ పిల్లల స్కూలు సంగతి, ఇల్లు సంగతి అన్నీ ఆ లెక్క చుట్టూనే తిప్పుతూ ఉండేది.

మాట్లాడే పరీక్ష ఎలా ఉంటుందో పిల్లల కోసం చెబుతాను. ఎదురుగా ఒక పరీక్షకుడు కూర్చుంటారు. మాట్లాడేదంతా రికార్డవుతుంది. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి నాలుగైదు నిమిషాలు మీ ఊరు, పని, అలవాట్ల గురించి మామూలు ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. దాని మీద ఒక విషయం ఉంటుంది. ఒక నిమిషం ఆలోచించుకుని, ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. ఆఖరి నాలుగైదు నిమిషాలు ఆ విషయం మీదే కాస్త లోతైన చర్చ. అంతే.

నేను ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. మొదటి రోజే చేతికి ఒక జిరాక్సు కట్ట ఇచ్చారు. అందులో 150 ఇడియమ్స్, పక్కనే తెలుగు అర్థాలు. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ అంటే కుండపోత వాన. పీస్ ఆఫ్ కేక్ అంటే చాలా తేలిక. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంటే ఎప్పుడో ఒకసారి. కిక్ ద బకెట్ అంటే చనిపోవు. "ఒక్కో జవాబులో ఒక ఇడియమ్ పడాలి, అప్పుడే 7 దాటుతుంది" అని చెప్పారు. మనకి బట్టీ కొత్తా? మన బడిలో ఎక్కాలు, పద్యాలు పట్టిన బుర్ర. మూడు వారాల్లో 150 నోటికి వచ్చేశాయి. సైటుకి వెళ్తూ, వస్తూ వల్లె వేసేవాణ్ణి.

పరీక్ష రోజు వచ్చింది. చిన్న గది, చిన్న బల్ల. ఎదురుగా ఒక నడివయసు ఆవిడ. చాలా మర్యాదగా పలకరించారు. "మీ సొంత ఊరు ఏది?" అని అడిగారు. చెప్పాను. "ఇప్పటికీ తరచు వెళ్తుంటారా?" అని అడిగారు. ఇక్కడ రెండు ఇడియమ్స్ పడే చోటు నాకు కనిపించింది. పీత కష్టాలు పీతవి అన్నట్టు, నా యావంతా ఆ లెక్క మీదే. వెంటనే అన్నాను, "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్, బికాజ్ మై ఫాదర్ కిక్డ్ ద బకెట్" అని.

ఆవిడ కళ్లు ఒక్క క్షణం కాగితం మీది నుంచి పైకి లేచాయి. తర్వాత మామూలుగానే తర్వాతి ప్రశ్న అడిగారు. నేను గమనించలేదు. రెండు పడ్డాయి, ఇంకా ఎన్ని వేయొచ్చా అనే ధ్యాస. వాన గురించి అడక్కపోయినా కుక్కల్నీ పిల్లుల్నీ కురిపించాను. కార్డు మీద మాట్లాడమంటే కోచింగ్‌లో రాయించిన వ్యాసాన్ని కాస్త అటూ ఇటూ మార్చి అప్పజెప్పాను. ఆఖరి చర్చలో ఆవిడ "ఎందుకలా అనుకుంటున్నారు?" అని అడిగేసరికి నా జాబితాలో దానికి జవాబు లేదు. అప్పుడు నిజంగానే నీళ్లు నమిలాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది, ఏమేం ప్రశ్నలు వచ్చాయని. ఆమెకు అర్థం కావాలని తెలుగులోకి మార్చి చెబుతున్నాను. "ఊరికి ఎప్పుడో గానీ వెళ్లను, మా నాన్న బాల్చీ తన్నేశాడు కదా అని చెప్పాను" అన్నాను.

మా ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపేసి నా వంక చూసింది. "మావయ్యగారి గురించా?" అంది.

అంతవరకూ నాకు తట్టలేదు. తెలుగులో నా నోటితో నేను అన్నాక గానీ నా చెవికి వినబడలేదు. మా నాన్న 2009లో పోయారు. కౌలు రైతు. నన్ను ఇంజనీరింగులో చేర్చడానికి పాడిగేదెను అమ్మేశారు. ఈ బడి గేటు దాకా సైకిలు మీద దింపి, నేను లోపలికి వెళ్లేదాకా నిలబడేవారు. ఆ మనిషి చావు గురించి, ముక్కూ మొహం తెలియని ఒక ఆవిడ ముందు, మార్కుల కోసం, వీధి చివర కుర్రాళ్లు నవ్వుతూ అనుకునే మాట వాడి వచ్చాను. తెలుగులో నేను ఆయన గురించి "పోయారు" అంటాను. బయటివాళ్ల దగ్గర "కాలం చేశారు" అంటాను. నా గొంతు నులిమినా "బాల్చీ తన్నేశాడు" అనను. ఇంగ్లీషులో అనేశాను. ఎందుకంటే ఆ మాట బరువెంతో నాకు తెలియదు. జిరాక్సు కాగితంలో అర్థం ఉంది, బరువు లేదు.

నేను సివిల్ ఇంజనీర్ని. ఏ దూలం ఎంత బరువు మోస్తుందో చూసుకోకుండా స్లాబు వేయను. అలాంటిది మాటల విషయంలో ఏ లెక్కా చూసుకోకుండా కట్టేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

13 రోజులకు ఫలితం వచ్చింది. వినడంలో 8, చదవడంలో ఏడున్నర, రాయడంలో 7, మాట్లాడడంలో 6. పది పాయింట్లూ పోయాయి.

వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఇంజనీరు బుద్ధి పని చేసింది. కూలింది ఎందుకు కూలిందో చూడాలి కదా. పరీక్ష పెట్టేవాళ్లు మార్కులు ఎలా వేస్తారో అందరికీ తెలిసేలా ప్రకటించే ఉంచారు. అంతకుముందు నేను చదవనేలేదు. నాలుగు అంశాలు, నాలుగూ సమానం. తడబడకుండా, ఒక వరసలో మాట్లాడడం ఒకటి. పదసంపద రెండు. వ్యాకరణం మూడు. ఉచ్చారణ నాలుగు. ఇడియమ్స్ అనే మాట వచ్చేది రెండో దాంట్లోనే. అక్కడ కూడా 7 బ్యాండ్‌కి వాళ్లు అడిగేది ఏమిటంటే, అంత మామూలుగా వినబడని మాటలు, నుడికారపు మాటలు కొన్ని వాడగలగాలి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో, ఏ మాట ఎక్కడ తగునో కొంత తెలిసుండాలి. మధ్యలో ఒకటీ అరా తప్పు పడినా ఫరవాలేదు. జవాబుకొక ఇడియమ్ అని ఎక్కడా లేదు. అంటే నేను మూడు వారాలు మోసిన మూటని వాళ్లు అడగనే లేదు.

అప్పుడు ఆ 150 ముందు పెట్టుకుని జల్లెడ పట్టాను. నుడికారం మూడు రకాలని నాకు అర్థమైంది. పిల్లలూ, ఇది రాసుకోండి.

మొదటి రకం బొమ్మ మాటలు. కుక్కలు పిల్లులు కురవడం, బాల్చీ తన్నడం లాంటివి. వినడానికి సరదాగా ఉంటాయి, కోచింగ్ కాగితాల నిండా ఇవే. మామూలు మాటల్లో వీటి అవసరం తక్కువ. కొన్ని పాతబడిపోయాయి. తెలుగులో కూడా మనం రోజుకి ఎన్నిసార్లు "గోరంతలు కొండంతలు" అంటాం? అరగంటలో పదిసార్లు అనే మనిషి ఎదురైతే పక్కకి తప్పుకుంటాం.

రెండో రకం జంట క్రియలు. రన్ అవుట్ ఆఫ్ అంటే అయిపోవడం, నిండుకోవడం. పుట్ అప్ విత్ అంటే సర్దుకుని భరించడం. గెట్ బై అంటే ఎలాగో నెట్టుకురావడం. టర్న్ అవుట్ అంటే చివరికి ఫలానా అని తేలడం. చూడడానికి చిన్న చిన్న మాటలే. ఆ భాష వాళ్లు ఇంట్లో, బజార్లో, పనిలో మాట్లాడేది వీటితోనే. నాకు రానివీ ఇవే.

మూడో రకం జోడీ మాటలు. మనం తెలుగులో "తప్పు చేశాను" అంటాం కాబట్టి ఇంగ్లీషులో "డిడ్ ఎ మిస్టేక్" అనేస్తాం. వాళ్లు "మేడ్" అంటారు. మనం "జ్వరం వచ్చింది" అంటాం కాబట్టి "ఫీవర్ కేమ్" అంటాం. వాళ్లు జ్వరం "ఉంది" అంటారు. "ఫోన్ పెట్టేశాను" అనడానికి "కెప్ట్ ద ఫోన్" అంటాం. వాళ్లు "హంగ్ అప్" అంటారు. వాన హెవీ, టీ స్ట్రాంగ్. తారుమారు చేస్తే అర్థమవుతుంది గానీ, పంచె మీద టై కట్టినట్టుంటుంది. మన తెలుగు ఎక్కడ ఇంగ్లీషులోకి తొంగిచూస్తోందో కనిపెట్టడం తెలుగు బాగా వచ్చినవాళ్లకే తేలిక. కాబట్టి తెలుగు మీడియం అని ఎవరూ చిన్నబోకండి.

అప్పుడు గుర్తొచ్చారు మన తెలుగు మాస్టారు. ఎవరు చేస్తారు? ఎప్పుడు చేస్తారు? ఆయన నలభై మంది ముందు అడిగిన రెండు ప్రశ్నలు.

ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను. ఒక్కో పేజీలో నాలుగు గడులు గీశాను. మొదటి గడిలో మాట. రెండో గడిలో, దాన్ని ఎవరు ఎవరితో అంటారు? పెద్దవాళ్లతో అనొచ్చా, స్నేహితులతోనేనా, చావు ఇంట్లో అనొచ్చా? మూడో గడిలో, నేను దాన్ని ఎక్కడ విన్నాను? నాలుగో గడిలో, నా జీవితంలో నిజంగా జరిగిన ఒక సంఘటనతో ఒక వాక్యం. నాలుగో గడి నిండకపోతే ఆ మాట నాది కాదు, కొట్టేయాలి. అదీ నియమం. 150లో మిగిలినవి 20 కూడా లేవు. కొత్తగా జంట క్రియలు, జోడీ మాటలు కలిపి నాలుగు నెలల్లో 90 దాకా చేర్చాను.

ఉదాహరణకి రన్ అవుట్ ఆఫ్. నాలుగో గడిలో రాసుకున్నది ఇది: మా అక్క పెళ్లి రోజు రాత్రి రెండో పంక్తికే సాంబారు నిండుకుంది, మా నాన్న వేడినీళ్లు కలపమన్నారు. ఈ వాక్యం నాకు జన్మలో మరిచిపోదు. పుట్ అప్ విత్ ఎదురుగా మా హాస్టలు చారు. గెట్ బై ఎదురుగా మొదటి ఉద్యోగంలో నా జీతం. అలా ఒక్కో మాటకీ ఒక మనిషో ఒక చోటో దొరికేసరికి, వెతుక్కోవలసిన పని తప్పింది. సంఘటన గుర్తొస్తే మాట దానంతటదే వచ్చేది.

మరి వినడం ఎక్కడ? ముందు క్రికెట్. నవ్వకండి. మనం చిన్నప్పుడు రేడియోకి చెవులు ఆనించి, అర్థమైనా కాకపోయినా ఇంగ్లీషు కామెంటరీ విన్నవాళ్లమే. ఇంగ్లీషువాళ్లు ఆ ఆటలోంచి ఎన్ని మాటలు తీసుకున్నారో! ఇరుకున పడితే బ్యాక్ ఫుట్ మీద ఉన్నాడంటారు. ముగ్ధుడైపోతే బౌల్డ్ ఓవర్ అంటారు. ఓడల మీద బతికిన జాతి కాబట్టి పని నేర్చుకోవడాన్ని లర్న్ ద రోప్స్ అంటారు, అంటే ఓడ తాళ్లు పట్టడం నేర్చుకోవడం. మనది పొలం, పాడి, వంటిల్లు. అందుకే మన మాటల్లో పప్పు, చల్ల, ముంత, ఎద్దు కనిపిస్తాయి. ఎవరి జాతీయాలు వాళ్ల బతుకులోంచి వస్తాయి. ఈ సంగతి తెలిస్తే బట్టీ అక్కర్లేదు, కుతూహలం పుడుతుంది.

ఇక మాట్లాడడానికి మా ఆఫీసులో ఒక మలయాళీ సహోద్యోగి దొరికాడు. ఆయనకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. ఇంగ్లీషు తప్ప గతిలేదు. రోజూ మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక పావుగంట. ఫోన్‌లో రికార్డు చేసుకుని రాత్రి వినేవాణ్ణి. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. "యాక్చువల్లీ" అని పావుగంటలో పాతికసార్లు అంటున్నానని అప్పుడే తెలిసింది. మెల్లగా తగ్గింది.

నాలుగు నెలల తర్వాత రెండోసారి వెళ్లాను. ఈసారి పరీక్షకుడు మగాయన. ఊరి గురించే అడిగారు. నాన్న పోయారని, అప్పట్నుంచీ ఊరు వెళ్లడం తగ్గిందని, ఒక మామూలు మాటతో చెప్పాను. పాస్డ్ అవే అన్నాను. ఆ రెండు మాటలూ అనేటప్పుడు నా మనసులో ఆయనకి నమస్కారం పెట్టుకున్నాను.

కార్డు మీద వచ్చింది, మీరు దేనికోసమైనా చాలాసేపు ఎదురుచూసిన సందర్భం చెప్పమని. నాకు వెంటనే పదో తరగతి ఫలితాలు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో నంబర్లు పేపర్లో పడేవి. పేపరు మొదటి బస్సులో రావాలి. మేము పదకొండు మందిమి తెల్లవారకముందే సెంటర్లో కూర్చున్నాం. ఆ రోజే బస్సు చెడిపోయింది. కళ్లు కాయలు కాచాయి. ఆ మాట ఇంగ్లీషులో చెప్పాలనిపించింది. దానికి సరిపోయేది నా దగ్గర లేదు. వెతకడం మానేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కాళ్లు నిలవలేదని, ఇక రాదనుకుని లేచి వెళ్లబోయామని, చివరికి ఒకాయన సైకిలు మీద పక్క ఊరి నుంచి పేపరు తెచ్చాడని, తీరా చూస్తే మా జిల్లా పేజీ చిరిగిపోయి ఉందని చెప్పాను. గివ్ అప్, టర్న్ అవుట్, టు మేక్ థింగ్స్ వర్స్ అన్నీ వాటంతటవే వచ్చాయి. ఆ చిరిగిన పేజీ దగ్గర ఆయన నవ్వేశారు. ఆయన పక్క నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. పరీక్షలో ఉన్నానన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

చర్చలో ఒక ప్రశ్న నాకు అర్థం కాలేదు. మొదటిసారైతే తోచింది చెప్పేసేవాణ్ణి. ఈసారి "మీరడిగేది ఇదేనా?" అని మర్యాదగా అడిగాను. ఆయన వివరంగా చెప్పారు. అలా అడగడం తప్పు కాదు పిల్లలూ, మామూలు సంభాషణలో అందరం చేసేదే.

మాట్లాడడంలో 7 వచ్చింది. సరిగ్గా 7. మిగతా మూడూ 7కి తగ్గలేదు. 60 పాయింట్లు నిండాయి. 45 నిండకముందే పిలుపు వచ్చింది. 2014 చివర్లో అడిలైడ్ చేరాం.

అక్కడితో కథ సుఖాంతమైందనుకుంటే పప్పులో కాలేసినట్టే. 7 బ్యాండ్ కాగితం జేబులో పెట్టుకుని సైటుకి వెళ్తే, మొదటి వారం సగం అర్థం కాలేదు. పొద్దున టీ విరామాన్ని వాళ్లు స్మోకో అంటారు. మధ్యాహ్నాన్ని ఆర్వో అంటారు. పని ముగించి ఇంటికెళ్లడాన్ని నాక్ ఆఫ్ అంటారు. ఊపిరాడనంత పని ఉంటే ఫ్లాట్ అవుట్ అంటారు. నేనేమో పడుకుని ఉన్నారేమో అనుకున్నాను. విందుకి పిలిచి "బ్రింగ్ ఎ ప్లేట్" అన్నారు. అందరూ తలో వంటకం తెచ్చుకోవాలని దాని అర్థం. మా ఆవిడ ముందే పొరుగావిడను అడిగి తెలుసుకోబట్టి పులిహోర పట్టుకెళ్లాం. లేకపోతే ఖాళీ పళ్లెంతో వెళ్లి నిలబడేవాళ్లం.

ఒకరోజు కాంక్రీటు పోయాలి. ఇనుము తనిఖీ అయిపోయిందా అని ఫోర్‌మన్‌ని అడిగాను. "యే, నా" అన్నాడు. నాకు ముందు మాట వినబడింది, అవునన్నాడనుకున్నాను. కాంక్రీటు లారీలను పంపమని చెప్పడానికి ఫోన్ తీశాను. పక్కనున్న కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు. నువ్వడిగింది అర్థమైంది గానీ, జవాబు మాత్రం కాదు అని దాని భావమట. తనిఖీ కాని ఇనుము మీద కాంక్రీటు పడితే మళ్లీ పగలగొట్టాల్సిందే. ఇంకా ఘోరం, ఎవరూ చూసుకోకపోతే అది అలాగే కట్టడంలో ఉండిపోయేది. ఆ రోజు నుంచి "అవునా, కాదా, ఒకటే మాట చెప్పు" అని అడగడం అలవాటు చేసుకున్నాను. వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. నోటుబుక్కులో ఆ రాత్రి "యే, నా" అని రాసుకున్నాను. నాలుగో గడి నింపడానికి ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

కాబట్టి పిల్లలూ, నా అనుభవం ఇంతే. పరీక్షకు వెళ్లేముందు మాటలు పోగుచేసుకోండి, వద్దనను. ఒక్కో మాటా ఎవరి నోటివెంట, ఎవరితో, ఏ సందర్భంలో వచ్చిందో పట్టుకోండి. మీకు జరిగిన దానితో ఒక వాక్యం కట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల ముందు తెలుగులో అనలేని మాటకి ఇంగ్లీషులో సమానమైనది ఉంటే, దాన్ని కొత్తవాళ్ల ముందు అనొద్దు. తెలియనిది అడగండి. తెలియనట్టు కనబడడం వల్ల మార్కులు పోతాయో లేదో గానీ, తెలిసినట్టు నటించడం వల్ల తప్పకుండా పోతాయి. నాకు పోయాయి.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక మనవి. తెలుగు క్లాసులో సొంత వాక్యం రాయించేటప్పుడు దయచేసి పిల్లల్ని వదిలిపెట్టకండి. వాచకంలో ఉంది, తాతయ్య అన్నాడు లాంటి వాక్యాలకు సున్నా వేయండి. లేపి నిలబెట్టి, ఎవరు, ఎప్పుడు అని అడగండి. ఆ రోజు ఆ పిల్లవాడికి అవమానంగానే ఉంటుంది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఏ దేశంలోనో, ఏ భాషలోనో అది వాడి కొంప నిలబెట్టొచ్చు.

నా నోటుబుక్కు జిరాక్సు తీయించి మన బడి లైబ్రరీలో పెట్టమని హెడ్మాస్టరుగారికి ఇచ్చాను. ఒక మాట ముందే చెబుతున్నాను. జిరాక్సు తీయించేటప్పుడు నాలుగో గడి మీద తెల్లకాగితం అడ్డం పెట్టాను. మా అక్క పెళ్లి సాంబారు మీకు పనికిరాదు. ఆ గడి మీరే నింపుకోవాలి.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే కూర్చున్నారు. ఇందాక మైకు ముందుకి వచ్చి మీ మొహం చూడగానే, రాసుకొచ్చిన కాగితం చేతిలో ఉండి కూడా కాసేపు నీళ్లు నమిలాను. సొంత వాక్యమే మాస్టారూ. తప్పుంటే దిద్దండి.